బూడిద రాసుకున్న చేయి

ప్రతి మంగళవారం ఉదయం పది గంటలకి అలివేలు నలభై వస్తువుల్ని తాకాలి. అదే ఆమె ఉద్యోగం. ఆ మాటకొస్తే సంతలో వంకాయలు ఏరుకునేవాళ్ళు అంతకన్నా ఎక్కువే తాకుతారు, కానీ వాళ్ళకి జీతమెవరిస్తారు?

విశాఖలో సముద్రం కనబడే కొండ మీద ఒక పరిశోధనశాల ఉంది. అందులో కిటికీ లేని చల్లని గదిలో, బల్ల మీద నలభై గిన్నెలు వరసగా పెడతారు. ఒకదాంట్లో గరుకు కాగితం, ఒకదాంట్లో అరిటాకు ముక్క, ఇంకోదాంట్లో గోరువెచ్చటి అన్నం, కోడి ఈక, మంచుగడ్డ, చివర్న ఎనభయ్యో నంబరు సన్న నూలు పోగు. అలివేలు కళ్ళకి గంతలు కట్టి, వేళ్ళకి ఉల్లిపొరకన్నా పల్చటి పొర అంటిస్తారు. ఆమె తాకినప్పుడు చర్మం ఎంత అణిగింది, ఏ నరం ఎంత గట్టిగా పలికింది అన్నదంతా యంత్రం రాసుకుంటుంది. మధ్యాహ్నానికల్లా ఆ రాత నలభై మూడు మంది చేతి తొడుగుల్లోకి చేరుతుంది.

ఆ నలభై మూడు మందికీ వేళ్ళున్నాయి, స్పర్శే లేదు. కాలినవాళ్ళు, కుష్టు నయమైనా మొద్దుబారిన చేతులు మిగిలినవాళ్ళు, చక్కెర జబ్బు నరాల్ని తినేసినవాళ్ళు. తొడుగు వేసుకుంటే, దాని కొసలు తాకినదాన్ని మోచేతి లోపలివైపు ఇంకా ప్రాణమున్న చర్మానికి చేరవేస్తాయి. ఉత్త సంకేతమే పంపితే చీమలు పాకినట్టుంటుంది తప్ప మెదడుకేమీ అర్థం కాదు. ఇది అన్నం, ఇది ఈక అని చెప్పడానికి బతికున్న చేయి ఒకటి వెనకుండాలి. దానికి మూలహస్తం అని పేరు పెట్టారు. మూడేళ్ళ కిందట ఆరొందల మందిని పరీక్షించి, శాల పెద్ద డాక్టర్ ఇందుమతి చీరాల దగ్గర ఒక నేతవాళ్ళింటి బిడ్డని ఎంచుకుంది. పన్నెండేళ్ళకే కళ్ళు మూసుకుని, నూలు ఎంత సన్నదో తాకి నంబరుతో సహా చెప్పిన వేళ్ళు మరి.

ఆ బిడ్డ అప్పుడు మగపిల్లాడన్న పేరుతోనే చేరింది. పోయినేడాది ఇందుమతి గదిలోకి వెళ్ళి, తాను ఆడదాన్నని, హార్మోన్ల వైద్యం మొదలుపెడుతున్నానని, ఇకమీదట తన పేరు అలివేలని చెప్పింది. ఇందుమతి మంచి మనిషి. గుర్తింపు కార్డు మార్పించింది, బాత్రూం సంగతి ఒక్క పూటలో తేల్చేసింది, శాలలో అందరికీ పూతరేకులు పంచింది. అన్నీ ఆలోచించిన అంతంత బుర్రల్లో ఒక్కదానికీ వేళ్ళ సంగతి తట్టలేదు.

అలివేలు మాత్రం మొదటి రోజు నుంచీ ఒక నోటుపుస్తకం పెట్టింది. గిన్నెల వరసకి అలవాటు పడిన మనిషి కదా, తన ఒంటిని కూడా ఒక గిన్నెలాగే ముందు పెట్టుకుని చూడసాగింది.

"రెండో నెల. చెమట వాసన మారింది. నా పాత చొక్కా వేసుకుంటే ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుంది."

"మూడో నెల. రొమ్ముల దగ్గర గోళీకాయంత గడ్డలు. మెట్లు దిగుతుంటే సలుపు. హార్మోన్ల డాక్టరమ్మ చూసి మామూలే అంది. బస్సులో ఆడవాళ్ళు సంచీ ముందుకి ఎందుకు పట్టుకుంటారో ఒక కారణం తెలిసింది, ఇంకో కారణం ముందే తెలుసు."

"ఐదో నెల. నీళ్ళ క్యాను ఒంటిచేత్తో ఎత్తలేకపోయాను. నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. ఏడుపొచ్చినందుకు మళ్ళీ నవ్వొచ్చింది. గొంతు మారలేదు, మారదట. గడ్డానికి లేజరే దిక్కు."

"ఆరో నెల. మంచినీళ్ళ గ్లాసు పట్టుకుంటే చల్లదనం మోచేతి దాకా పాకింది. ముప్పై ఏళ్ళూ నేను తొడుగు వేసుకుని బతికానా ఏం?"

ఆ చివరి ముక్క రాసుకున్న రోజున ఆమెకి పట్టరాని సంతోషం కలిగింది. తన ఒళ్ళు తనకే కొత్త ఊరైంది. పొద్దున్నే లేచి ఈ రోజు ఏ వీధి తెరిచారో చూడాలన్నంత ఆత్రంగా ఉండేది. దుప్పటి అంచు, దువ్వెన పళ్ళు, జామపండు తొడిమ, అన్నీ మళ్ళీ మొదటినుంచి తాకి చూసింది.

అయితే ఆమె కన్నా ముందు యంత్రం కనిపెట్టింది. తెర మీద సన్నటి ఎర్రగీత ఒకటి వారం వారం పైకి జరుగుతూ వచ్చింది. మూలహస్తం వారం వారం తాజాగా తాకాలని, ఐదు శాతానికి మించి మారకూడదని అనుమతులిచ్చే సంఘం వాళ్ళ నియమం. గీత మూడు దాటి నాలుగు దగ్గరికొచ్చింది. శాలలో కంగారు మొదలైంది. గాల్లో తేమ ఎక్కువైందన్నారు. ఏసీ మార్చారు. మళ్ళీ మార్చారు. ఏసీ బిగించినతన్ని పిలిచి నిలబెట్టి తిట్టారు. అతను పాపం, "నా యంత్రం చల్లదనమే ఇస్తదండీ, మీ గీతలు నాకేం తెలుసు?" అని గొణుక్కుంటూ పోయాడు.

గీత ఎందుకు జరుగుతోందో అలివేలుకి తెలుసు. హార్మోన్ల వల్ల చర్మం పల్చబడుతుంది, మెత్తబడుతుంది, చెమట తగ్గుతుంది. వైద్యం చేసే డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆ సంగతి ఇందుమతితో అనడానికి రెండుసార్లు ఆమె గది గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. చెబితే ఏమంటారో ఊహించుకోవడం కష్టమేం కాదు. సంఘం కొత్త అనుమతి ఇచ్చేదాకా ఆరు నెలలు బిళ్ళలు ఆపమ్మా, ఆరు నెలలేగా అంటారు. ఇన్నేళ్ళకి దొరికిన ఒంటిని ఆరు నెలలు తిరిగి అప్పగించాలి. ఆపనంటే మూలహస్తం పోతుంది, దాంతోపాటు నలభై మూడు జతల చేతులు ఆగిపోతాయి. వాటిలో పదిహేడో నంబరు తొడుగు ఆమె నాన్న మార్కండేయులిది.

ఇక్కడ నేతవాళ్ళ అలవాటు ఒకటి చెప్పాలి. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోతే, కొత్త పడుగు పోగుల్ని పాత కొసలకి ఒక్కొక్కటే మెలిపెట్టి అతుకుతారు. మూడు వేల పోగులుంటే మూడు వేల మెలికలు. వేళ్ళకి చెమట పట్టకుండా, పోగు జారకుండా పక్కన కొబ్బరి చిప్పలో బూడిద పెట్టుకుని బొటనవేలికి, చూపుడువేలికి అద్దుకుంటారు. బూడిద తగిలితే వేలు ఎండిపోతుంది, గరుకెక్కుతుంది.

అలివేలు ఒక కర్పూరం డబ్బాలో పిడికెడు బూడిద తెచ్చుకుంది. మంగళవారం పదికి ఐదు నిమిషాల ముందు బాత్రూంలోకి వెళ్ళి పది వేళ్ళకీ పట్టించి, తెలుపు కనబడకుండా తుడుచుకునేది. నేతవాళ్ళింట పుట్టని మనిషికి అలాంటి ఆలోచన వచ్చేదే కాదు. ఎర్రగీత బుద్ధిగా కిందికి దిగింది. మూడో ఏసీ బాగా పనిచేస్తోందని శాల అంతా మెచ్చుకున్నారు.

రెండు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం అమ్మ భద్రమ్మ ఫోన్ చేసింది.

"అమ్మాయ్, మీ నాన్న తొడుగు మళ్ళీ మొండికేసిందే. పోగు పట్టుకుంటే తాడు పట్టుకున్నట్టుందంట. గట్టిగా లాగుతున్నాడు, తెగ్గొడుతున్నాడు. పొద్దుటి నుంచి జానెడు గుడ్డ నేయలా."

అలివేలు వెంటనే అడిగింది. "ఎప్పటి నుంచమ్మా?"

"రెండు నెల్లు అయిందేమో. అంతకు ముందు భలే ఉండిందే! 'చిన్నప్పటి వేళ్ళు తిరిగొచ్చినయ్యే' అని మగ్గం గుంటలో కూర్చుని పాడుకునేవాడు కూడాను. ఏం దిష్టి తగిలిందో. ఈ పడుగు అతికే పనొచ్చింది, నేనొక్కదాన్నే ఎట్టా చేసేది? మీ శాల వాళ్ళని అడగవే."

ఏం అడుగుతుంది? దొంగకి తేలు కుట్టినట్టయింది ఆమె పని. నాన్న పాడుకున్నది తన మారిన వేళ్ళతో. తెగ్గొడుతున్నది తన బూడిద వేళ్ళతో. గరుకు వేళ్ళకి పోగు ఎలా తెలుస్తుందో తొడుగు అలాగే చెబుతోంది మరి, దాని తప్పేముంది? నోటుపుస్తకంలో తన ఒంటి గురించి ఇన్ని పేజీలు నింపిన మనిషి, ఆ ఒళ్ళు అవతల ఇంకెవరి మోచేతి మీద పలుకుతోందో ఒక్క వాక్యమైనా రాసుకోలేదు. మర్నాడు పొద్దున్నే రైలెక్కింది.

పది నెలల్లో ఇంటికి వెళ్ళడం అదే మొదలు. సంగతి చెప్పిన రోజున మార్కండేయులు అరవలేదు, కొట్టలేదు. మాట్లాడటం మానేశాడంతే. ఆ తర్వాత పెళ్ళాంతో అన్న మాట ఒక్కటే: "మా అమ్మ పేరు పెట్టుకుందంట." అందుకు భద్రమ్మ, "అలివేలు మంగమ్మ మన పద్మశాలీల ఆడబిడ్డేగా, ఆ పేరు మనింట్లో పెట్టుకోక ఇంకెవరింట్లో పెట్టుకుంటారు?" అని ఎదురడిగితే జవాబు చెప్పకుండా మగ్గంలో దిగాడట. కూతురితో మాట్లాడడు గానీ ఆ కూతురి చేయి తొడుక్కోకుండా ఒక్క పూట కూడా నేయడు. ఇదేం వింత అని అడిగితే ఆయనకి కోపమొస్తుంది.

అలివేలు గడప దాటేసరికి ఆయన పడుగు ముందు కూర్చుని ఉన్నాడు. తలెత్తి చూశాడు. జడ దాకా రాని జుట్టు, నీలం చుడీదారు, కొంచెం గుండ్రబడిన బుగ్గలు. చూపు తిప్పుకుని వంటింటి వైపు కేకేశాడు. "ఎవరో వచ్చారు, కాఫీ ఇవ్వు."

ఆమె సంచీ పక్కన పెట్టి, మాట్లాడకుండా పడుగు అవతలి వైపు కూర్చుంది. పాత కొస అందుకుంది, కొత్త పోగు అందుకుంది, మెలి పెట్టింది. ఇంకోటి. ఇంకోటి. మార్కండేయులు కూడా తొడుగు చేత్తో ఒక పోగు పట్టుకున్నాడు. టప్పున తెగింది. కళ్ళు మూసుకుని ఊపిరి బిగబట్టి మరోటి పట్టుకున్నాడు. అదీ తెగింది. ఆ పెద్దమనిషి మొహంలో కనబడిన అవమానం చూడలేక ఆమె తల దించుకుంది.

కాసేపటికి ఏదో నేల మీద జరిగిన చప్పుడైంది. నాన్న బూడిద చిప్పని ఆమె వైపు తోశాడు. మగ్గం దగ్గర చిప్ప తోశారంటే పనిలో కలుపుకున్నట్టే. ఆమె చిప్ప వైపు చూసింది కానీ వేలు పెట్టలేదు.

"నాకు అక్కర్లేదు నాన్నా."

"అక్కర్లేకపోవడమేంది? చెమటకి జారదా పోగు?"

పది నెలల తర్వాత ఆయన అడిగిన మొదటి మాట అది. నేతగాడి ప్రాణం, అడగకుండా ఉండలేకపోయాడు.

"చెమట తగ్గింది. తోలు పల్చబడింది. పోగు దానంతటదే తెలుస్తోంది. చూడు." ఆమె కళ్ళు మూసుకుని వరసగా ఐదు పోగులు అతికింది. నాలుగోదాని మీద ఆగి, "దీని పురి వదులైంది," అంది.

మార్కండేయులు వంగి ఆ పోగుని వెలుగుకి పెట్టి చూశాడు. నిజమే. "ఆ బిళ్ళలకేనా?"

"ఊఁ."

"నొప్పా?"

"వేళ్ళకి కాదు. చల్లగా ఉంటే ఎక్కువ తెలుస్తది. వేడి కూడా."

ఆయన తన తొడుగు వైపు చూసుకున్నాడు. "మరి నాకెందుకు తెలవట్లా? ఇది నీ చెయ్యేగా?"

ఇక దాచడానికి చోటు లేకపోయింది. గీత, ఏసీలు, కర్పూరం డబ్బా, అన్నీ చెప్పేసింది. బిళ్ళలు ఆపమంటారని భయపడ్డానని కూడా చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆయన చేతిలో పోగు అలాగే ఉంది.

"అంటే రెండు నెల్ల నుంచి నా చేతికి అబద్ధం తొడిగావు."

"తప్పే నాన్నా."

"నేను నా వేళ్ళు పూర్తిగా చచ్చినయ్యనుకున్నా. ఇక మగ్గం ఎక్కే రాత లేదనుకున్నా. మీ అమ్మకి కూడా చెప్పలా." గొంతు లేచింది. "నువ్వేమైనా అవ్వు, నాకు మింగుడు పడతదో లేదో తర్వాత సంగతి. బూడిద రాసుకుని నన్ను మోసం చేస్తావా? నేతగాడి ఇంట్లో పుట్టి నేతగాడి చేతినా?"

భద్రమ్మ కాఫీ గ్లాసుతో గుమ్మంలోనే ఆగిపోయింది. అలివేలు ఏడ్చింది. ఈ మధ్య ఏడుపు సులువుగానే వస్తోంది, అయినా ఈసారిది హార్మోన్ల మీద నెట్టదగ్గది కాదు. ఏడుస్తూనే పడుగు అతికింది, ఎందుకంటే మూడు వేల పోగులు ఎవరి ఏడుపు కోసమూ ఆగవు. మర్నాడు పొద్దుగూకేసరికి ముగ్గురూ కలిసి చివరి మెలిక వేశారు.

విశాఖ చేరగానే ఆమె నేరుగా ఇందుమతి గదికి వెళ్ళి కర్పూరం డబ్బా బల్ల మీద పెట్టింది. ఇందుమతి మూత తీసి వాసన చూసి, విషయమంతా విని, మూత మళ్ళీ బిగించింది.

"నీకు నా మీద ఆ మాత్రం నమ్మకం లేకపోయిందా?" అంది.

"బిళ్ళలు ఆపమనేవారు కాదా మేడం?"

ఇందుమతి అబద్ధమాడే మనిషి కాదు. "అడిగి ఉండేదాన్నేమో," అంది. "రెండు నెలల కొలతలు పాడైపోయాయి, అది నీ తప్పు. అడిగి ఉండేదాన్నేమో అన్నది నా తప్పు. ముందు అసలు చేయి చూద్దాం, పద."

బూడిద లేకుండా గీత పదకొండు దగ్గర నిలబడింది. నియమం ఐదు. సంఘం వాళ్ళకి కబురు పంపక తప్పలేదు. వాళ్ళు ఒక పరీక్ష పెట్టారు. తొడుగు వాడేవాళ్ళకి చెప్పకుండా ఒక వారం యంత్రంలో దాచిన పాత చేయి, ఒక వారం బూడిద చేయి, ఒక వారం కొత్త చేయి పంపించి ఏది కావాలో అడగమన్నారు. బూడిద చేయి ఒక్కరికీ నచ్చలేదు. ముప్పై ఒక్క మంది కొత్తది కావాలన్నారు. పన్నెండు మంది పాతదే మేలన్నారు. ఆ పన్నెండు మందిలో రాజమండ్రి హోటల్లో దోసెలు వేసే ఆయన ఒకరు. కొత్త చేత్తో పెనం దగ్గరికి వెళ్తే ప్రాణం పోతోందని ఆయన మొర.

ఆఖరి రోజున సంఘం ముందుకి కొందరిని పిలిచారు. మార్కండేయులు ఇస్త్రీ చొక్కా వేసుకుని, భద్రమ్మని వెంటబెట్టుకుని వచ్చాడు. అలివేలు ఆ గదిలో వెనక వరసలో గోడకి ఆనుకుని కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఈ గదిలో ఏ నిర్ణయమైనా చివరికి ఆ రెండు చేతుల మీదే పడుతుంది.

సంఘం పెద్దాయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "మూలహస్తమంటే కొలబద్దలాంటిదండీ. అది మారిపోతే ఎలా? ఇంకా మారుతుందట కూడా, రెండు మూడేళ్ళ దాకా. మీకు ఇబ్బంది అనిపించడం లేదా?"

మార్కండేయులు కుడిచేతి తొడుగు మెల్లగా విప్పాడు. నల్లబడి, గోళ్ళు మందమెక్కిన ఆ చేతిని తీసుకెళ్ళి పెద్దాయన ముందు బల్ల మీద పెట్టాడు.

"మారని చెయ్యి నాకు తెలిసి ఇదొక్కటేనండీ. ఆరేళ్ళ నుంచి ఇసుమంత మార్లా. సూది గుచ్చినా మారదు, కావాలంటే గుచ్చి చూడండి."

పెద్దాయన కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

"మా అమ్మ నలుగుర్ని కన్నది. కన్నప్పుడల్లా ఆమె చెయ్యి మారిందని మా నాయన చెప్పేవాడు. ఒకసారి మెత్తన, ఒకసారి గరుకు. డెబ్బై ఏళ్ళ దాకా నేసింది. చెయ్యి మారిందని మగ్గం ఏనాడూ అడగలా." తొడుగు మళ్ళీ ఎక్కించుకుంటూ అన్నాడు. "మా పిల్ల చెయ్యి మారితే మారనీండి. బతికున్నదిగా. ఎట్టా మారినా నిజం చెబితే చాలు నాకు. ఆ బూడిద పని మాత్రం మళ్ళీ చేయొద్దని గట్టిగా చెప్పండి, నేనూ చెప్పా."

సంఘం వాళ్ళు మరో రెండు గంటలు తర్జనభర్జన పడి, రెండు చేతులకీ అనుమతిచ్చారు. బిళ్ళల ఊసు నిర్ణయంలో ఎక్కడా లేదు. భద్రపరిచిన పాత చేయి ఒకటి, వారం వారం మారే చేయి ఒకటి, ఎవరికి కావలసింది వాళ్ళు ఎంచుకోవచ్చు. ఆ రోజు అలివేలు నోటుపుస్తకంలో ఇలా రాసుకుంది: "పదకొండో నెల. నా పాత చేయి రాజమండ్రిలో దోసెలు వేస్తోంది. దాని మీద కోపం లేదు. బాగానే పనిచేసిన చేయి. దానికి ఉద్యోగం దొరికినందుకు సంతోషం."

తర్వాతి మంగళవారం ఆమె సబ్బుతో చేతులు కడుక్కుని గదిలోకి వెళ్ళింది. గరుకు కాగితం, అరిటాకు, అన్నం, ఈక, మంచుగడ్డ, పోగు. యంత్రం రాసుకుంది. గీత పదకొండున్నర చూపించింది. ఈసారి ఏసీ జోలికి ఎవరూ పోలేదు.

మధ్యాహ్నం భోజనం డబ్బా తెరుస్తుండగా ఫోన్ మోగింది. అమ్మ నంబరే, కానీ అవతల గొంతు నాన్నది. ఆయన ఫోన్‌లో ఎప్పుడూ అరిచే మాట్లాడతాడు.

"ఇవ్వాళ్టిది ఇప్పుడే వచ్చింది తొడుగులోకి. మంచినీళ్ళ గ్లాసు పట్టుకున్నా. చల్లదనం మోచేతి దాకా పాకింది. తొడుగేమన్నా చెడిందా? నీకూ ఇంతేనా?"

అలివేలు చేతిలో ముద్ద ఆగిపోయింది.

"నాకూ ఇంతే నాన్నా."

అవతల కుండలో చెంబు మునిగిన చప్పుడు, గ్లాసులో నీళ్ళు పోసిన చప్పుడు.

"ఉండు, పెట్టెయ్యమాకు," అన్నాడు మార్కండేయులు. "ఇంకోసారి పట్టుకుని చూస్తా."